నా ఇడ్లీలు విరిచిన మనిషి

ఆయన పేరు రాయను. ఆయన నా పేరు ఒక్కసారైనా పలికితే కదా, నేను ఆయన పేరు రాయడానికి. నేను లేనప్పుడు "హోటలామె". ఎదురుగా ఉంటే "ఏమ్మా హోటలూ". హోటలుకు బోర్డు ఉంది, బోర్డు మీద నా పేరే ఉంది, ఎర్ర రంగులో, రోడ్డు అవతలి నుంచి చూసినా కనబడేంత పెద్దగా. రోడ్డు అవతల, జైలు గేటు దగ్గర, ఆయన కుర్చీ సరిగ్గా ఆ బోర్డుకు ఎదురుగానే ఉండేది.

కాబట్టి హెడ్ వార్డర్ అంటాను. ఊరి పేరూ చెప్పను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య తిరిగే బస్సులు ఆగే ఊరు అనుకోండి, చాలు. చెబితే మా సబ్ జైలు పరువు తీశానని ఎవరో ఒకరు హోటలు మీదికి వస్తారు. ఇంతకుముందు వచ్చినవాళ్లనే నేను ఇంకా మరిచిపోలేదు.

ఆయన పోయిన కబురు పోయిన నెలలో తెలిసింది. తెచ్చింది జైల్లో ఆయన కింద పనిచేసిన వార్డర్. దోశ తింటూ చెప్పాడు.

"అక్కా, నీకు సంతోషమైతదేమో. మీ హెడ్ సార్ పోయిండు."

నాకు ఆ మాట నచ్చలేదు. నాకు సంతోషమవుతుందని ఇతను ముందే ఎలా లెక్కేసుకున్నాడు? ఎవరి మీద కోపం పెట్టుకోవాలో, ఎంతదాకా పెట్టుకోవాలో నాకు తెలుసు. "తిను" అన్నాను. ఎల్లిపాయ కారం ఇంకొంచెం వేయమని అడిగాడు. వేయలేదు.

ఆ రోజుల్లో మా సబ్ జైల్లో రిమాండు ఖైదీలకు బయటి తిండి ఇవ్వనిచ్చేవాళ్లు. ములాఖత్ రోజున ఖైదీల ఇళ్లవాళ్లు పొద్దున్నే వచ్చి నా దగ్గర ఇడ్లీ, వడ పొట్లం కట్టించుకుని గేటు దగ్గరికి పోయేవాళ్లు. గేటు పక్కన ఒక బల్ల. బల్ల వెనక ఆయన. మీసానికి నల్లరంగు, కనుబొమలు మాత్రం తెల్లవి, గంజి పెట్టిన ఖాకీ బట్టలు, చేతిలో పాత సైకిలు చక్రంలోంచి తీసిన ఇనుప పుల్ల.

ఆ పుల్లతో ఆయన నా ఇడ్లీలను పొడిచేవాడు. అన్నింటినీ. తర్వాత ఒక్కొక్కటి తీసి రెండుగా విరిచేవాడు. వడల పని చేతులతో అయ్యేది. ఉప్మాను చెంచాతో పాయలు పాయలుగా తీసి, తలలో పేలు చూసినట్టు చూసేవాడు. చట్నీ అయితే డబ్బా మూత తీసి, తల కొంచెం ఎడమకు వంచి, కళ్లు మూసుకుని, ముక్కుతో పొడవుగా ఒక గాలి పీల్చేవాడు. వరుసలో ఉన్నవాళ్లంతా ఊపిరి బిగబట్టేవాళ్లు. కాసేపటికి కళ్లు తెరిచి, "ఏం లేదు, పోనివ్వండి" అనేవాడు. ఆ ఏం లేదు అనే మాటలో కొంచెం దిగులు ఉండేది, ఏదో ఉంటే బాగుండునన్నట్టు.

తెల్లవారుజాము నుంచి నేను వేసిన ఇడ్లీ లోపలికి పోయేసరికి రవ్వయ్యేది. లోపల తినేవాడు ఏమనుకుంటాడు? ఆ హోటలామెకు ఇడ్లీ వేయడం రాదు అనుకుంటాడు. రేపు బయటికి వచ్చాక నా హోటలుకు వస్తాడా?

ఒకరోజు రోడ్డు దాటి వెళ్లి అడిగాను. "సార్, నా ఇడ్లీల ఏమున్నదని గట్ల పొడుస్తున్నవ్?"

ఆయన కోదాడ దగ్గర, ఆంధ్ర సరిహద్దు ఊరివాడు. మాటలో ఆంధ్ర మర్యాద ఉంటుంది, మనిషిలో ఉండదు. "ఇవ్వాళ కాస్త గట్టిగా ఉన్నాయమ్మా. లోపలేమైనా ఉందేమోనని" అన్నాడు.

"గట్టిగ లేవు. నీ పుల్ల మొద్దువారింది."

"అనుమానం నా డ్యూటీ. తప్పుగా అనుకోకండి."

ఇది ఆయన ఊతపదం. ఎవరినైనా అవమానించాక చివర్లో ఈ ముక్క అంటించేవాడు. ముసలమ్మ కొంగుముడి విప్పించి, తమలపాకులు చూసి, తప్పుగా అనుకోకండి. పెళ్లికొడుకులా బట్టలేసుకుని బావమరిదిని చూడటానికి వచ్చినవాడి షూ విప్పించి, తప్పుగా అనుకోకండి. నేను తప్పుగానే అనుకున్నాను. సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణికి పోయి, నా ఇడ్లీల మీద ఇనుప పుల్లతో జరుగుతున్న దాడి గురించి అర్జీ ఇచ్చాను. అక్కడి ఆఫీసరు చదివి, నవ్వు ఆపుకుని, "అమ్మినంక ఇడ్లీ కొన్నోళ్లదమ్మా. కంప్లైంటు వాళ్లియ్యాలె" అన్నాడు. ఆ ఆఫీసరు ముఖం కూడా నాకు గుర్తుంది.

ఇంతా చేసి ఆయన ఛాయ్ తాగేది నా దగ్గరే. రోజూ వచ్చి, వంటగది గుమ్మం దగ్గర నిలబడి, సాంబారు గిన్నె మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూసి, ఏమీ అనకుండా మూత పెట్టేసేవాడు. బాగుందని అనడు, బాగాలేదని అనడు. అంతకంటే పెద్ద అవమానం వంటచేసేవాళ్లకు ఇంకొకటి లేదు. ఊరంతా మాత్రం ఆయన ముక్కు గురించి చెప్పుకునేది. గంజాయి గ్రాము ఉన్నా, మడతల్లో ఉన్నా, హెడ్ సార్ ముక్కు పడుతుందట.

ఆ ముక్కు సంగతి నాకు ఒక ఎలుక వల్ల తెలిసింది.

పొయ్యి కింద గ్యాసు పైపును ఎలుక కొరికింది. నేను పొయ్యి ఆర్పి, బయట నల్లా దగ్గర బియ్యం కడుగుతున్నాను. లోపలికి రాగానే వాసన గుప్పున తగిలింది, కళ్లు మండాయి. ఆయన పొయ్యి పక్కనే నిలబడి ఉన్నాడు. పెదాల మధ్య బీడీ, ఒక చేతిలో అగ్గిపెట్టె, ఇంకో చేతిలో అగ్గిపుల్ల. చూపు రోడ్డు మీద. గీయబోతున్నాడు.

నేను ఒక్క ఉరుకున పోయి చేతి మీద కొట్టాను. అగ్గిపెట్టె ఎగిరి సాంబారులో పడింది. సబ్ జైలు ముందు యూనిఫాంలో ఉన్న హెడ్ వార్డర్‌ను కొట్టిన ఆడది ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయ్యుంటాను. సిలిండరు కట్టేసి, కిటికీ తెరిచి, ఆయనను బయటికి గెంటాను.

"ఏం సార్, హోటలుతోపాటు నన్ను గూడ కాలుస్తవా? గ్యాసు వాసన గంతగనం వస్తుంటే?"

ఆయన నా ముఖం వైపు చూసి, "వస్తోందా?" అన్నాడు.

వెటకారం కాదు. నిజంగా అడిగాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకూ, నాకు అర్థమైందని అర్థమైంది. బీడీని జేబులో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"కరోనా రెండోసారి వచ్చింది చూడు, అప్పటి నుంచి. జ్వరం పోయింది. ముక్కు తిరిగి రాలేదు."

"మరి రోజు నా సాంబారు మూత తీసి కండ్లు మూసుకుంటవ్ గదా?"

"అలవాటమ్మా. గేటు దగ్గర కూడా అంతే. నేను కళ్లు మూసుకుంటే తప్పుచేసినవాడు భయపడతాడు. భయపడ్డవాడి చెయ్యి దానంతటదే సరుకున్న చోటికి పోతుంది. అప్పుడు కళ్లు తెరిచి అక్కడ పట్టుకుంటాను."

"అన్ని దొరుకుతయా గట్ల?"

"భయం లేనివాడివి దొరకవు. అందుకే పుల్ల పెట్టాను."

అంటే నా ఇడ్లీలు ఆయన ముక్కుకు బదులు చస్తున్నాయన్నమాట. "పైవాళ్లకు చెప్పి లోపట కూసోరాదు సార్? నీడకుంటవ్" అన్నాను.

"గేటు వదలలేను. ఒకామెకు మాటిచ్చాను."

ఆ ఒకామె నాకూ తెలుసు. దామరచర్లలో కరెంటు ప్లాంటు పనుల్లో కూలి చేసేది. ఊరు మాడుగులపల్లి వైపు. ములాఖత్ రోజు తలలో సిమెంటు దుమ్ముతోనే వచ్చేది. ఒకసారి నా చట్నీ నీళ్లలాగా ఉందని పదిమందిలో అన్నది. ఆమె భర్త ఆటో డ్రైవరు. గంజాయి తాగేవాడు, తాగడానికి తెచ్చుకుంటూ దొరికి లోపలికి వచ్చాడు. జామీను పెడితే వారంలో బయటికి వచ్చే కేసు. ఆమె పెట్టడం లేదు. అందరి పెళ్లాలూ విడిపించమని వకీలు కాళ్లు పట్టుకుంటుంటే, ఈమె మాత్రం ఇంకొన్నాళ్లు ఉంచమని హెడ్ వార్డర్‌ను బతిమాలింది.

ఆమె ఏమన్నదో ఆయన తన యాసలో కాక, ఆమె మాటల్లోనే చెప్పాడు. "బయటుంటే రోజు తాగుతడు సారూ. మీ దగ్గర తాళమేసి ఉంటది గదా, గదేడ దొరుకుతది? మంచిగైనంక తీస్కపోత. మీరు చెప్పినప్పుడే తీస్కపోత."

"సరేనన్నాను" అన్నాడు. "ఏమని చెప్పమంటావు? తాళం మనుషులకే, గంజాయికి కాదు అని చెప్పనా? లోపలికి రాని వారం లేదమ్మా. బంతిలో పెట్టి గోడ మీద నుంచి విసురుతారు. కోర్టుకు పోయొచ్చినవాడి చెప్పులో వస్తుంది. మేమున్నది నలుగురం, గోడకు నాలుగు వైపులు. ఒకడు అన్నానికి పోతే ఒక వైపు ఖాళీ. డాక్టరు వారానికోసారి వస్తాడు. గంజాయి దొరక్క వణికేవాడికి జ్వరం గోళీ ఇస్తాడు. ఆయన సంచిలో ఉన్నది అదే, ఆయన మాత్రం ఏం చేస్తాడు? గేటొక్కటే నా చేతిలో ఉంది. అక్కడి నుంచి నన్ను లేపితే ఆ కాస్తా పోతుంది."

తర్వాత లేచి, టోపీ పెట్టుకుని, "నీ ముక్కు బాగానే ఉంది కదా" అన్నాడు.

సాయం అడగడం అంటే ఆయన దృష్టిలో అదే. దయచేసి అనలేదు, అమ్మా అని కూడా అనలేదు.

వచ్చే సోమవారం ప్రజావాణికి పోతే ఆయన పని ఖతం. ఇన్నాళ్లుగా నేను ఎదురుచూసిన సంగతి నా చేతికి వచ్చింది. పోలేదు. నా మంచితనం అనుకోకండి. ఆయనను తీసేస్తే కొత్తవాడు వస్తాడు, కొత్తవాడితో పోట్లాట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ ఓపిక నాకు లేదు.

అలా నేను జీతం లేని జైలు ముక్కునయ్యాను. ములాఖత్ వేళకు ఛాయ్ పట్టుకుని గేటు దగ్గరికి పోయేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని నాటకం ఆడుతుంటే, బల్ల పక్కన నిలబడి అసలు వాసన నేను చూసేదాన్ని. ఏమీ లేకపోతే ఛాయ్ స్టీలు గ్లాసులో పోసి ఇవ్వాలి. అనుమానం ఉంటే గాజు గ్లాసులో. ఆ ఏర్పాటు ఆయనదే. ఒకరోజు స్టీలు గ్లాసులన్నీ తోముడులో ఉన్నాయి, నేను మరిచిపోయి గాజు గ్లాసులో పోశాను. హాలియా నుంచి కొడుకు కోసం గోంగూర పచ్చడి తెచ్చిన పెద్దాయన పని అయిపోయింది. పచ్చడంతా పళ్లెంలో పరిచి పుల్లతో గీశారు. ఎండుమిరపకాయలు విప్పి చూశారు. పెద్దాయన చొక్కా విప్పించారు, పంచె కూడా సగం విప్పించారు. నేను పక్కనుంచి ఎన్ని సైగలు చేసినా హెడ్ వార్డర్‌కు ఎక్కలేదు.

చివరికి పెద్దాయన పంచె కట్టుకుంటూ, "పచ్చట్ల ఉప్పు సరిపోయిందా సారూ, గదన్న చెప్పు" అన్నాడు.

"తప్పుగా అనుకోకండి" అన్నాడు ఆయన.

అప్పుడప్పుడు గంజాయి దొరికింది కూడా. సబ్బు మధ్యలో ఒకసారి, తువాల అంచు కుట్టులో ఒకసారి. పట్టింది నా ముక్కు, పేరు ఆయన ముక్కుకు. "హెడ్ సార్ ముందట కుక్కలు గూడ పనికిరావు" అని వార్డర్లు చెప్పుకుంటుంటే రోడ్డు ఇవతల దోశ తిప్పుతూ విన్నాను. ఆయన కాదని అనలేదు. మీసం సర్దుకున్నాడు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆటో డ్రైవరు విషయంలో ఆయన నిజంగానే తిప్పలు పడ్డాడు. మొదట్లో అతను లోపల తల గోడకు కొట్టుకునేవాడట, అన్నం తినేవాడు కాదట. ఆయన వచ్చి, "బాగా కారంగా బజ్జీలు వెయ్యమ్మా. కళ్లలో నీళ్లు రావాలి, కాసేపు ధ్యాస మళ్లాలి" అని కట్టించుకుని పోయేవాడు. ఇంకోరోజు వచ్చి, "చేతులు ఖాళీగా ఉంటే బుర్ర అటే పోతోంది. నీ దగ్గర ఒలిచే పని ఏమన్నా ఉందా?" అన్నాడు.

నా హోటలుకు పేరొచ్చిందే ఎల్లిపాయ కారం దోశతో. ఎల్లిపాయలు ఒలవడానికి మనిషి దొరకక నేను చస్తున్నాను. అలా మొదలైంది. పొద్దున్నే ఎల్లిపాయల సంచి వెనక అరుగు మీద పెట్టేదాన్ని. ఆయనే వచ్చి భుజాన వేసుకుని లోపలికి తీసుకుపోయేవాడు. సాయంత్రానికి ఒలిచినవి తెచ్చేవాడు. సగం పొట్టు మిగిలే ఉండేది. ఒలిచినవాడు ఖైదీ, ఒలిపించినవాడు హెడ్ వార్డర్, ఎవరిని అడగను?

ఆ సంచిని ఆయన పుల్లతో పొడవలేదు. గేటు దగ్గర ఎవరైనా ఆపబోతే, "అది మనదే" అనేవాడు. నేనూ వాసన చూడలేదు. నా సంచిని నేనేం చూస్తాను?

రోజులు గడిచాయి. అతను ఒళ్లు చేశాడు. గొడవ లేదు, అడిగినంత అన్నం తింటున్నాడు, ఎల్లిపాయలు ఒలుస్తూ నవ్వుతున్నాడు. ఎల్లిపాయలు ఒలిచేవాడు నవ్వుతాడా ఎక్కడైనా? అనుమానం రావాల్సిందే. నాకు కాదు, ఆయనకు. అనుమానం ఆయన డ్యూటీ.

ఆయన మాత్రం మురిసిపోయాడు. ఆ సారి ములాఖత్‌కు ఆమె రాగానే, "బాగైపోయాడమ్మా. ఇక జామీను పెట్టుకో" అన్నాడు. అంత సంతోషంగా ఆయన మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

విడుదల రోజు ఆమె తలంటుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. నా దగ్గర ఇడ్లీ తిన్నది, చట్నీ గురించి ఏమీ అనలేదు. గేటు తెరుచుకుంది. అతను సంచీతో బయటికి వచ్చాడు, నవ్వుతూనే. ఆమె రెండడుగులు వేసి ఆగిపోయింది. అతని దగ్గరికి పోకుండా హెడ్ వార్డర్ వైపు తిరిగింది.

"సారూ, ఒక్కపారి వాసన జూసి చెప్పున్రి. ఈయినను గీడనే ఉంచిన్నని మా అత్త నాతోని మాట్లాడుడు బంద్ వెట్టింది. మొగుణ్ని జైల్ల పడేసి తిరుగుతుందని వాడకట్టంత అంటున్నరు. మీరు మంచిగున్నడంటే ఇంటికి తీస్కపోత. మీ ముక్కు అబద్ధం చెప్పదంటరు గదా."

గేటు దగ్గర వార్డర్లు ఉన్నారు, ములాఖత్ జనం ఉన్నారు, నేను ఛాయ్ పట్టుకుని ఉన్నాను. ఆయన అతని దగ్గరికి వెళ్లాడు. మెడ దగ్గర వంగాడు. తల ఎడమకు వంచాడు, కళ్లు మూసుకున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఏం లేదు అంటాడనే అనుకున్నాను. అనొచ్చు. ఎవరు కాదంటారు?

ఆయన కళ్లు తెరిచి, ఆమె ముఖం చూసి, టోపీ తీశాడు.

"నా ముక్కు పోయి చాలా కాలమైందమ్మా. నాకు ఏ వాసనా రాదు. ఆ హోటలామెకు వస్తుంది, ఆమెనడుగు."

ఎవరో నవ్వారు. ఒక వార్డర్ దగ్గినట్టు చేశాడు. ఇన్నేళ్లుగా ఆయన పదిమందిలో తలదించుకుంటే చూడాలనుకున్నాను, చూశాను. నేను అనుకున్నంత రుచిగా లేదు. అప్పుడు కూడా నా పేరు చెప్పలేదు, అది వేరే సంగతి.

ఆమె నా వైపు చూసింది. ఛాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లాను. పరాయి ఆడదాని మొగుణ్ని, ఆమె ముందే, నడిరోడ్డు మీద వాసన చూడటం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. మొదట ఎల్లిపాయ. చేతులు, చొక్కా, జుట్టు, అంతా ఎల్లిపాయే. దాని కింద జైలు సబ్బు. దాని కింద ఇంకా ఏదో ఉంది. అందేదాకా నిలబడ్డాను.

"అక్కా, మా ఆయన మల్లెపువ్వు గాదు, గంతసేపు జూడ" అన్నది ఆమె.

"ఉన్నది" అన్నాను.

అతను లేదన్నాడు. పిల్లల మీద ఒట్టు వేయబోయాడు. హెడ్ వార్డర్ అతని ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి అతని నవ్వు పోయింది.

"ఎల్లిగడ్డల సంచిల వచ్చేది సారూ" అన్నాడు. "లోపలోళ్ల దోస్తు ఒకడు పొద్దుగాల్ల హోటలెనుక అరుగు మీద సంచిల వేసి పోయేటోడు. మీరే మోసుకొచ్చేటోళ్లు."

ఆయన నన్ను చూడలేదు, నేను ఆయనను చూడలేదు. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీ ఇద్దరికి కలిపి ఉన్నది ఒక్కటే ముక్కు" అన్నది. "గది గూడ తీస్కపోయి ఎల్లిగడ్డలల్ల వెట్టిన్రు."

బల్ల మీది ఛాయ్ గ్లాసు తీసి మట్టిలో పారబోశాను.

ఆమె గోడ పక్కన కూలబడింది. కొత్త చీరకు మన్నంటుకుంటున్నా చూసుకోలేదు. "మరి ఏడికి తీస్కపోవాలె సారూ?" అన్నది. "ఇంట్ల మానలే, జైల్ల మానలే. ఇంకేడున్నది?"

ఆయన తాళాలు పక్కనున్న వార్డర్ చేతిలో పెట్టాడు. సూపరింటెండెంటు గదిలోకి వెళ్లాడు. ముక్కు సంగతి, ఎల్లిపాయల సంగతి అన్నీ తానే చెప్పాడని తర్వాత తెలిసింది. బయటికి వచ్చి, "పెద్ద దవాఖానలో మత్తు మాన్పించే డాక్టరు ఉన్నాడు. పదండి, నేనూ వస్తాను" అన్నాడు. ముగ్గురూ బస్సెక్కారు. మూడు సీట్లలో ఆమె కిటికీ దగ్గర, ఆయన మధ్యలో, అతను చివర.

ఆ తర్వాత ఆయనను గేటు దగ్గర కూర్చోబెట్టలేదు. లోపల కాగితాల దగ్గర వేశారు, రిటైరయ్యేదాకా అక్కడే. నా హోటలుకు పోలీసులు వచ్చారు. వెనక అరుగు, ముందరి అరుగు అన్నీ చూశారు, సంచులన్నీ దులిపారు. హోటలామె జైలుకు గంజాయి పంపిందని సందంతా అన్నది. ఇప్పటికీ అంటారు. బయటి తిండి కూడా బందయింది. దాని మీద నేను ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలకు జవాబు ఇంకా రావాలి. ఆయన మాత్రం ఛాయ్‌కి వచ్చేవాడు. సాంబారు మూత తీయడం మానేశాడు. గుమ్మంలో నిలబడి, "గ్యాసు వాసన ఏమైనా వస్తోందా?" అని అడిగి, నేను లేదన్నాకే బీడీ వెలిగించేవాడు.

కోదాడ దగ్గర వాళ్ల ఊళ్లో పెద్దకర్మకు వెళ్లాను. వెళ్లకపోతే, హోటలామె ఇంకా కోపం పెట్టుకుంది అంటారు. పెట్టుకున్న మాట నిజమే. అయినా ఆ మాట వాళ్లు అనకూడదు.

ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇంట్లో కూడా రోజంతా అడుగుతూనే ఉండేవారండీ" అన్నది. "పాలు విరిగాయా? అన్నం మాడుతోందా? నా చొక్కా ఉతకాలా? ఒకసారి పెళ్లికి పోతూ సెంటు సీసా సగం పోసుకున్నారు. బస్సులో ఎవరూ మా పక్కన కూర్చోలేదు." చెబుతూ నవ్వింది, నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

భోజనాల బంతిలో నా ఎదురు వరుసలో వాళ్లిద్దరూ ఉన్నారు, ఆటో డ్రైవరు, ఆమె. మాడుగులపల్లి నుంచి సొంత ఆటోలోనే వచ్చారట. అతను సన్నబడ్డాడు. మధ్యలో రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడని, రెండుసార్లూ హెడ్ వార్డరే వచ్చి దవాఖానకు తీసుకుపోయాడని ఆమె చెప్పింది. అందులో ఒకసారి ఆయన అప్పటికే రిటైరయ్యాడు.

భోజనాలయ్యాక వాళ్లను సాగనంపడానికి ఆటో దాకా వెళ్లాను. అతను డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నేను మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ అతని భుజం వైపు కొంచెం వంగాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దక్కా. వాసన జూసుడు బంద్ చేసిన."

"ఎందుకు?"

"ఆ దినం బస్సుల సార్ చెప్పిండు. ముక్కు పోయినకాడి నుంచి నేను అడిగే బతుకుతున్ననమ్మా, నువ్వు గూడ అడుగు, అన్నడు. గందుకే రోజు అడుగుత, తాగినవా అని."

"అబద్ధం చెప్తే?"

"చెప్పిండు. మస్తు సార్లు చెప్పిండు." ఆమె ఆటో ఎక్కి కొంగు సర్దుకుంది. "మల్ల అడుగుత."

అతను ఆటో స్టార్టు చేయబోయి ఆగాడు. అద్దంలో ఆమె వైపు చూశాడు.

"ఇయ్యాల ఇంక అడుగనే లేదు నువ్వు" అన్నాడు.